విండోస్ ఎక్కించేటప్పుడు డిస్క్ కనపడకపోతే: కొత్త డిస్క్ కొనకముందు డ్రైవర్ లోడ్ చేసి చూడండి

పెన్ డ్రైవ్ పెట్టి బూట్ చేసి, లాంగ్వేజ్ సెలెక్ట్ చేసి, అగ్రిమెంట్‌కి టిక్ కొట్టి అంతా బానే పోతా ఉంటది, తీరా విండోస్ ఏ డిస్క్‌లో ఎక్కించాల అని అడిగే స్క్రీన్ దగ్గరకొచ్చేసరికి ఆడ లిస్ట్ మొత్తం ఖాళీ. కింద ‘వుయ్ కుడంట్ ఫైండ్ ఎనీ డ్రైవ్స్’ అని ఒక లైను ఉంటది, లేకపోతే విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి వచ్చిన సెటప్ అయితే ‘ఇన్‌స్టాల్ డ్రైవర్ టు షో హార్డ్‌వేర్’ అంటది. ఇది చూడగానే చాలామంది డిస్క్ పోయింది అనుకుంటారు. డిస్క్ పోలేదు, దాన్ని విండోస్‌కి చూపించే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ మీ పెన్ డ్రైవ్‌లో లేదు, అంతే. నూటికి తొంభై సార్లు ఇదే సంగతి అని నా అనుభవంతో చెప్తన్నా.

మా అక్క కొడుకు ఒంగోల్లో ఇంజినీరింగ్ చదవతన్నాడు, ఆన్‌లైన్లో విండోస్ లేని లాప్‌టాప్ కొన్నాడు, రేటు కాస్త తక్కువొస్తదని. ఫ్రెండ్ దగ్గర పెన్ డ్రైవ్ తీసుకొని విండోస్ కొట్టబోతే డిస్క్ కనపళ్ళా. షాపుకి తీసుకెళ్తే వాళ్ళు ఐదు నిమిషాలు చూసి ఎస్ఎస్‌డీ (లోపలుండే డిస్క్) పోయింది, కొత్తది వేస్తే నాలుగున్నర వేలవుద్ది అన్నారంట. పెట్టె విప్పి వారం కాని లాప్‌టాప్! వాడు నాకు ఫోన్ చేసి ‘మామా, డబ్బులు కట్టమంటావా’ అంటే, ఆగరా అబ్బయ్యా, ఆదివారం పొద్దున రైలెక్కి కావలి వచ్చెయ్ అన్నా. వచ్చాడు. డ్రైవర్ ఎక్కించడానికి పట్టింది పది నిమిషాలు. ఆ నాలుగున్నర వేలు మా అక్క ఎట్టా కూడబెట్టుద్దో నాకు తెలుసు కాబట్టి ఆ రోజే అనుకున్నా, ఇది అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో రాయాలని.

ముందు ఎందుకట్టా జరుగుద్దో రవ్వంత తెలుసుకుంటే మీరు కంగారు పడరు. ఇంటెల్ 11వ జనరేషన్ ప్రాసెసర్లు 2020లో వచ్చాయి, వాటి నుంచి లాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ అని ఒక కంట్రోలర్ ఆన్ చేసి ఇస్తన్నారు. అంతకుముందు అది సర్వర్లలో ఉండేది. మీ ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్ఎస్‌డీ నేరుగా విండోస్‌కి కనపడకుండా ఈ వీఎమ్‌డీ వెనకాల ఉంటది, అంటే ఇంటి ముందు గేటు లాంటిది అది, గేటు తాళంచెవి విండోస్ సెటప్ దగ్గర ఉండదు. ఆ తాళంచెవే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్, పొట్టిగా ఆర్ఎస్‌టీ అంటారు. ఏఎమ్‌డీ రైజెన్ లాప్‌టాప్‌లో ఈ వీఎమ్‌డీ గోల లేదు, మామూలుగా డిస్క్ దానంతటదే కనపడుద్ది, దాంట్లో కూడా కనపడకపోతే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్) రెయిడ్ మోడ్, అంటే డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి, ఏమన్నా ఆన్ అయ్యుందేమో చూసుకోండి.

అన్నిటికంటే ముందు బయోస్‌లోకి పోయి డిస్క్ ఆడ కనపడతందా లేదా చూడండి. ఏసూస్, ఏసర్, డెల్ అయితే ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 నొక్కతా ఉండండి, లెనోవోలో కూడా చాలావాటికి ఎఫ్2నే, హెచ్‌పీకి ఎఫ్10. డిస్క్ పేరు బయోస్‌లో ఉండి విండోస్ సెటప్‌లో లేకపోతే అది చాలావరకు డ్రైవర్ సమస్యే. బయోస్‌లోనే లేకపోతే అప్పుడు డిస్క్ లూజు అయ్యుండొచ్చు, పోయి ఉండొచ్చు, అప్పుడు షాపుకి పోవడంలో అర్థముంది. ఈ ఒక్క చెక్ షాపోడు చేసుంటే మా వాడికి ఒంగోలు నుంచి కావలి తిరుగుడు తప్పేది.

ఇప్పుడు డ్రైవర్ తెచ్చుకోవడం. దీనికి పనిచేసే ఇంకో కంప్యూటర్ కావాల, ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్ అయినా ఫర్వాలేదు. మీ లాప్‌టాప్ కంపెనీ సైట్లో సపోర్ట్ పేజీకి పోయి, లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదుండే సీరియల్ నంబర్ కొడితే మీ మోడల్ డ్రైవర్ల లిస్ట్ వస్తది. డెల్ వాళ్ళు దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు. ఆ లిస్ట్‌లో స్టోరేజ్ అనో, సాటా అనో ఉన్న దాని కింద ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ ఉంటది, దాన్ని దించుకోండి. ఆడ దొరక్కపోతే ఇంటెల్ సైట్లో నేరుగా ఉంటది, కానీ ఆడ రెండు మూడు వెర్షన్లుంటాయి, ఏ జనరేషన్ నుంచి ఏ జనరేషన్ దాకా పనిచేసుద్దో పేజీలోనే రాసుంటది, అది చదివి మీ దానికి సరిపోయేది తీసుకోండి, అన్నిటికంటే కొత్తది అని కళ్ళు మూసుకొని దించితే పాత జనరేషన్‌కి అది పనిచేయకపోవచ్చు. మీ జనరేషన్ ఏందో ప్రాసెసర్ పేరు చెప్పుద్ది, ఐ5-1135జీ7 అంటే మొదటి రెండంకెలు 11, కాబట్టి 11వది, ఐ5-1235యూ అంటే 12వది.

దించాక అసలు తప్పు అందరూ చేసేది ఇక్కడే. వచ్చిన ఈఎక్స్ఈ ఫైల్‌ని అట్నే పెన్ డ్రైవ్‌లో వేసుకొని పోతారు. విండోస్ సెటప్‌కి ఈఎక్స్ఈ అక్కర్లా, దానికి లోపలుండే ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ అనే మూడు రకాల ఫైళ్ళు కావాల. కాబట్టి దాన్ని విప్పాల. ఇంటెల్ వాళ్ళ ఫైల్ పేరు సెటప్ఆర్ఎస్‌టీ. దాన్ని ఒక ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో ఉన్నదంతా చెరిపేసి సీఎమ్‌డీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల విండో ఆ ఫోల్డర్లోనే తెరుచుకుంటది. అందులో ఫైల్ పూర్తి పేరు డాట్ ఈఎక్స్ఈతో సహా కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, హైఫన్ పెట్టి, దానికి అతుక్కునే ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని రెండు మాటలూ కలిపి కొట్టి, మళ్ళీ స్పేస్ ఇచ్చి మీకు నచ్చిన ఫోల్డర్ పేరు రాసి ఎంటర్. కొద్దిసేపాగితే ఆ పేరుతో ఫోల్డర్ వచ్చి ఉంటది. దాని లోపల లోపల పోతా ఉంటే డ్రైవర్స్, అందులో వీఎమ్‌డీ అని ఫోల్డర్, అందులో ఐఏస్టోర్‌వీడీ అనే పేరుతో ఐఎన్ఎఫ్ ఫైల్ కనపడితే మీరు సరైన చోటే ఉన్నారు. హెచ్‌పీ ప్యాకేజీ అయితే ఎస్‌పీ అని మొదలై నంబర్‌తో ఉంటది, రన్ చేస్తే సీ డ్రైవ్‌లో ఎస్‌డబ్ల్యూసెటప్ అనే ఫోల్డర్లో విప్పి పెడతది. డెల్ వాటిల్లో ఎక్స్‌ట్రాక్ట్ అని బటన్ ఉంటది, ఇన్‌స్టాల్ నొక్కకుండా అది నొక్కండి.

కొన్ని కంపెనీల దగ్గర ఎఫ్6ఎఫ్ఎల్‌పీవై అని జిప్ ఫైల్ దొరుకుద్ది. దొరికితే అదృష్టం, విప్పే పని లేదు, అన్‌జిప్ చేస్తే చాలు. ఆ పేరు వెనక కథ ఉంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు నీలం స్క్రీన్ మీద రెయిడ్ డ్రైవర్ కావాలంటే ఎఫ్6 నొక్కు అని కొన్ని సెకన్లు చూపించేది, అప్పుడు ఫ్లాపీలో డ్రైవర్ పెట్టి ఇవ్వాల. ఫ్లాపీలు పోయి, ఎక్స్‌పీ సపోర్ట్ కూడా 2014 ఏప్రిల్ 8న అయిపోయింది, కానీ ఆ పేరు మాత్రం ఇంకా ఫైల్ మీద నడస్తా ఉంది. అప్పుడు ఎఫ్6, ఇప్పుడు లోడ్ డ్రైవర్ బటన్, పని ఒకటే.

ఆ వీఎమ్‌డీ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి విండోస్ ఉన్న పెన్ డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌గా పెట్టుకోండి, పేరు డ్రైవర్ అని పెట్టుకుంటే చాలు. ఇంకో పెన్ డ్రైవ్ అయినా పర్వాలేదు గానీ లాప్‌టాప్‌కి రెండు యూఎస్‌బీ పోర్టులే ఉంటే ఒకదానికి మౌస్ కావాల, ఎందుకంటే ఈ కొత్త లాప్‌టాప్‌లలో సెటప్ టైంలో టచ్‌ప్యాడ్ కూడా చాలాసార్లు పనిచేయదు, దాని డ్రైవర్ కూడా ఇంకా ఎక్కలేదు కదా. అది చూసి టచ్‌ప్యాడ్ కూడా పోయింది అనుకోబాకండి. యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి, లేకపోతే ట్యాబ్, యారో, స్పేస్, ఎంటర్‌తో నెట్టుకురావొచ్చు.

ఇక అసలు పని. చార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే టైం చూసుకోండి, ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఊళ్ళో ఈ పని నేను పెట్టుకోను. పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి ఆ ఖాళీ లిస్ట్ దాకా రండి. ఆడ లోడ్ డ్రైవర్ నొక్కండి, బ్రౌజ్ నొక్కండి, మీ పెన్ డ్రైవ్ తెరిచి ఆ ఫోల్డర్ మీద నొక్కి ఓకే. మా వాడి 11వ జనరేషన్ లాప్‌టాప్‌లో అప్పుడు ‘ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎమ్‌డీ కంట్రోలర్ 9ఏ0బీ’ అని ఒక లైను వచ్చింది. 12వ జనరేషన్‌కి ఆ చివర 467ఎఫ్ అని ఉంటది, 13కి ఏ77ఎఫ్. ఒకోసారి దాంతోపాటు ‘మేనేజ్డ్ కంట్రోలర్ 09ఏబీ’ అని రెండో లైను కూడా వస్తది, అది కాదు మనకు, మేనేజ్డ్ అనే మాట లేనిది సెలెక్ట్ చేసి నెక్స్ట్ కొట్టండి. ఒక నిమిషం లోపల గీత అట్టా పోయి స్క్రీన్ మళ్ళీ వెనక్కొస్తది, ఈసారి లిస్ట్‌లో డ్రైవ్ 0, అన్‌అలోకేటెడ్ స్పేస్, 476.9 జీబీ. మా వాడు ఆ లైను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. 512 జీబీ కొన్నా కదా 476 ఏంది అని అడగబాకండి, కంపెనీ లెక్క వెయ్యిలో, విండోస్ లెక్క 1024లో, అందుకని అంత తేడా, ఎవరూ ఏమీ కాజేయలేదు.

ఈ దశలో రెండు రకాలుగా అడ్డం తిరగొచ్చు. ‘నో సైన్డ్ డివైస్ డ్రైవర్స్ వర్ ఫౌండ్’ అని వస్తే మీరు ఫోల్డర్ తప్పు చూపించారు, లేదా ఈఎక్స్ఈని విప్పకుండా తెచ్చారు, లేదా 32 బిట్ డ్రైవర్ తెచ్చారు. లిస్ట్ ఖాళీగా వస్తే కింద ‘హైడ్ డ్రైవర్స్’ అని మొదలయ్యే టిక్ ఉంటది, అది తీసి చూడండి, అప్పుడు వేరే నంబర్‌తో డ్రైవర్లు కనపడితే మీరు తెచ్చింది వేరే జనరేషన్‌ది అని అర్థం. బలవంతంగా దాన్నే ఎక్కించబాకండి, సరైంది తెచ్చుకోండి.

చాలా వీడియోల్లో డ్రైవర్ గొడవ లేకుండా బయోస్‌లో వీఎమ్‌డీనే ఆఫ్ చేయమంటారు. అది కూడా పనిచేసుద్ది, అబద్ధం కాదు. ఏసూస్‌లో ఎఫ్7 నొక్కి అడ్వాన్స్‌డ్ మోడ్‌కి పోతే వీఎమ్‌డీ సెటప్ మెనూ ఉంటది, ఏసర్‌లో ఆ ఆప్షన్ దాచిపెట్టి ఉంటది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తది. హెచ్‌పీ ఇళ్ళకమ్మే మోడళ్ళు చాలావాటిల్లో ఆ ఆప్షనే ఉండదు, వాళ్ళకి డ్రైవర్ ఒక్కటే దారి. నా మాట అడిగితే కొత్తగా ఖాళీ డిస్క్‌లో ఎక్కిస్తా ఉంటే ఆఫ్ చేసినా నష్టం లేదు. కానీ ఇప్పటికే విండోస్ నడస్తా ఉన్న లాప్‌టాప్‌లో దాన్ని ఊరికే మార్చబాకండి. మారిస్తే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలం స్క్రీన్ వస్తది. అట్టా వస్తే ఫార్మాట్ కొట్టించబాకండి, బయోస్‌లో మళ్ళీ ఆన్ చేస్తే మీ విండోస్ మీకొస్తది, డేటా యాడికీ పోదు. ఇంకోటి, బిట్‌లాకర్ (డిస్క్‌లో డేటాకి విండోస్ వేసే తాళం) ఉన్న లాప్‌టాప్ అయితే బయోస్‌లో ఇట్టాంటివి కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటది, బయోస్ ముట్టుకోకముందే ఫోన్లో ఆ అకౌంట్ తెరిచి కీ కాగితం మీద రాసుకోండి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, కీ లేకపోతే లోపలున్న ఫొటోలూ సర్టిఫికెట్లూ ఎవరూ తేలేరు.

నెలకి నాలుగైదు సిస్టమ్‌లు కొట్టేవాళ్ళకి ఒక మంచి ఉపాయం. పెన్ డ్రైవ్ తెరవగానే కనపడే చోట ఒక ఫోల్డర్ చేసి, దాని పేరు ముందు డాలర్ గుర్తు, తర్వాత ఇంగ్లీషులో విన్‌పీఈడ్రైవర్ అని కలిపి, చివర మళ్ళీ డాలర్ గుర్తు పెట్టండి. విప్పిన డ్రైవర్ ఫోల్డర్లన్నీ అందులో వేసేయండి. విండోస్ సెటప్ ఆ పేరున్న ఫోల్డర్‌ని తనంతటదే వెతికి సరిపోయే డ్రైవర్లు లోడ్ చేసుకుంటది, లోడ్ డ్రైవర్ బటన్ నొక్కే పనే ఉండదు. నా పెన్ డ్రైవ్‌లో 11, 12, 13 జనరేషన్లవి అట్టనే పెట్టి ఉన్నాయి.

పాత సిస్టమ్‌ల సంగతి కూడా చెప్పాల. చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాసే మా ఫ్రెండ్ ఒకడు పోయినేడు ఫోన్ చేశాడు, కాటా దగ్గరుండే కంప్యూటర్ మారిస్తే పాత సాఫ్ట్‌వేర్ విండోస్ 7లోనే నడుస్తదంట, దాన్ని ఎక్కించబోతే సీడీ లేకుండానే ‘సీడీ డీవీడీ డ్రైవర్ మిస్సింగ్’ అంటంది, మౌసు కీబోర్డు రెండూ చచ్చిపడున్నాయి అన్నాడు. ఇది కూడా డ్రైవర్ కథే. విండోస్ 7కి యూఎస్‌బీ 3 డ్రైవర్ లోపల లేదు, 2015లో వచ్చిన ఇంటెల్ 6వ జనరేషన్ బోర్డుల నుంచి పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ తీసేశారు, అందుకని పెన్ డ్రైవ్ బూట్ అవుద్ది గానీ సెటప్ మొదలయ్యాక పోర్టులేవీ దానికి కనపడవు. అంతకంటే పాత బోర్డ్ అయితే నీలం పోర్టు వదిలేసి నల్ల పోర్టుకి పెన్ డ్రైవ్ మారిస్తే చాలాసార్లు సరిపోద్ది. వాడిది 4వ జనరేషన్ బోర్డే, నల్ల పోర్టుకి మార్చమన్నా, నడిచింది. 6వది అయ్యుంటే ముందే యూఎస్‌బీ 3 డ్రైవర్ కలిపి పెన్ డ్రైవ్ తయారు చేసుకోవాల. అయితే విండోస్ 7 సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది, దాన్ని నెట్‌కి తగిలించబాక, కాటా పని ఒక్కటే చేయించు అని వాడికి గట్టిగా చెప్పా. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, కొత్తగా ఎక్కించేవాళ్ళు 11కే పోండి.

డిస్క్ కనపడి విండోస్ ఎక్కాక రెండో గండం వైఫై. 11లో మొదటి సెటప్‌లో నెట్‌కి కనెక్ట్ అవ్వమంటది, వైఫై లిస్టేమో ఉండదు, నెక్స్ట్ బటన్ వెలగదు. ఇక్కడ చాలామంది గంటలు గంటలు ఇరుక్కుపోతారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటది, కొన్ని సెకన్లలో నెట్ వచ్చేసుద్ది. కేబుల్ మాత్రం డేటా పోయేదై ఉండాల, కొన్ని చవక కేబుళ్ళు చార్జింగ్‌కే పనికొస్తాయి. 24హెచ్2 నుంచి అయితే ఆ స్క్రీన్ మీదే ఇన్‌స్టాల్ డ్రైవర్ బటన్ ఇచ్చారు, వైఫై డ్రైవర్ కూడా విప్పి పెన్ డ్రైవ్‌లో పెట్టుకొని ఉంటే ఆడే ఎక్కించొచ్చు.

డెస్క్‌టాప్ వచ్చాక విండోస్ అప్‌డేట్‌ని ఒకసారి పూర్తిగా నడవనీయండి, మిగిలిన డ్రైవర్లు చాలావరకు అదే తెచ్చుకుంటది. డ్రైవర్ అప్‌డేటర్ అని, డ్రైవర్ ప్యాక్ అని యాడో దొరికే సాఫ్ట్‌వేర్లు మాత్రం వేయబాకండి, వాటితోపాటు ఇంకేవో నాలుగు చేరి లాప్‌టాప్ నెమ్మదైపోయినవి నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

పాత లాప్‌టాప్‌ని ఫార్మాట్ కొట్టే ఆలోచన ఉంటే, కొట్టకముందే ఉన్న డ్రైవర్లన్నీ బయటికి తీసి దాచుకోవచ్చని చాలామందికి తెలీదు. పెన్ డ్రైవ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి పెట్టుకొని, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్మ్ అని కొట్టి, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, స్పేస్, స్లాష్ డెస్టినేషన్, కోలన్, దాని పక్కనే ఆ ఫోల్డర్ దారి రాసి ఎంటర్ కొట్టండి. బయటి కంపెనీల డ్రైవర్లన్నీ విప్పిన రూపంలోనే వచ్చి పడతాయి, స్టోరేజ్‌ది కూడా వాటిల్లోనే ఉంటది. సైట్లో మీ మోడల్ పేజీ తీసేసినా ఇది మీ దగ్గర ఉంటది.

చివర్లో స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తుతో ఏదన్నా మిగిలి ఉంటే దాని మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ అని పోయి ఆ దాచిన ఫోల్డర్ చూపించి, సబ్‌ఫోల్డర్లకి టిక్ ఉంచి నెక్స్ట్ కొట్టండి. అప్పటికీ ‘అన్‌నోన్ డివైస్’ అనే పేరుతో ఉంటే ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ సెలెక్ట్ చేయండి. ఆడ కనపడే లైన్లో వెన్ (VEN) అనే అక్షరాల పక్కన 8086 ఉంటే ఇంటెల్‌ది, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్, 1022 అయితే ఏఎమ్‌డీ. ఎవరిదో తెలిసిందంటే కంపెనీ సైట్లో మీ సీరియల్ నంబర్ పేజీలోనే ఆ పేరుతో వెతకండి. మా వాడి దాంట్లో ఆఖరికి ఒకటి మిగిలింది, 8086తోనే, చూస్తే అది టచ్‌ప్యాడ్‌కి కావాల్సిన సీరియల్ ఐఓ డ్రైవర్, అది ఎక్కించి రీస్టార్ట్ చేశాక మౌస్ పీకేసి సాయంత్రం బండికి పోయాడు.